ఆత్మగౌరవమే ఆస్తిగా: శ్రీమతి భానుమతీ రామకృష్ణ

చలనచిత్ర రంగ ప్రముఖులను ప్రస్తుతించేటప్పుడు ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అన్న విశేషణాన్ని మనం ఉదారంగా వాడుతుంటాము. ఆ మాటను అక్షరాలా సార్థకం చేసినవారు మాత్రం కొద్దిమందే. వారిలో శ్రీమతి పాలువాయి భానుమతీ రామకృష్ణ గారు అగ్రగణ్యులు. నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, సంగీత దర్శకురాలు, స్టూడియో అధినేత్రి, హాస్య కథా రచయిత్రి - ఇన్ని బాధ్యతలను ఒకే వ్యక్తి నిర్వహించడం, అదీ ఒక మహిళ నిర్వహించడం, ఆమె తరంలో ఊహకైనా అందని విషయం.

అయితే ఈ జాబితాను అప్పగించినంత మాత్రాన ఆమె జీవితం మనకు అర్థం కాదు. నటీమణికి కీర్తి ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పోయే పరిశ్రమ అది. పారితోషికం మొదలు పాత్ర స్వభావం వరకు అన్నీ ఇతరులే నిర్ణయించేవారు. అటువంటి చోట 1939 నుండి 1998 వరకు, దాదాపు ఆరు దశాబ్దాలపాటు, తన మాట తాను చెల్లించుకుంటూ తలయెత్తుకుని ఎలా నిలువగలిగారు? ఉద్యోగ జీవితంలో ఉన్న స్త్రీ పురుషులందరికీ ఆసక్తికరమైన ఈ ప్రశ్నకు సమాధానం ఆమె జీవిత గమనంలోనే లభిస్తుంది.

దొడ్డవరం నుండి కలకత్తాకు

భానుమతి గారు 1925 సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు సమీపంలోని దొడ్డవరం గ్రామంలో జన్మించారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు, తల్లి సరస్వతమ్మ గారు. వెంకటసుబ్బయ్య గారు సంగీత రసికులు. కుమార్తెకు తొలి గురువు ఆయనే. ఆడపిల్లకు సంగీతం నేర్పడం పెళ్ళిచూపుల ముచ్చటకే అనుకునే రోజులలో, ఆయన ఆమెకు శాస్త్రీయ సంగీతాన్ని శ్రద్ధతో అభ్యసింపజేశారు. ఆ పునాది ఆమెకు యావజ్జీవితం తోడుగా నిలిచింది.

1939లో సి.పుల్లయ్య గారి దర్శకత్వంలో వచ్చిన ‘వరవిక్రయం’ ఆమె తొలి చిత్రం. కాళ్ళకూరి నారాయణరావు గారి సుప్రసిద్ధ నాటకం దానికి ఆధారం. మద్రాసులో స్టూడియో వసతులు ఇంకా సమృద్ధిగా లేని ఆ రోజులలో తెలుగు చిత్రాలలో అనేకం కలకత్తా, బొంబాయి, కొల్హాపూరులలో తయారయ్యేవి. ‘వరవిక్రయం’ కూడా కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ వారి నిర్మాణమే. పదమూడు, పద్నాలుగేళ్ళ బాలిక తండ్రి వెంట అంత దూరం వెళ్ళి కాళింది పాత్ర ధరించింది. కట్నపు బేరంలో తనను ఒక వృద్ధ లోభికి కట్టబెట్టనున్నారని తెలిసి ప్రాణత్యాగం చేసుకునే కన్యక కాళింది. సంఘ దురాచారానికి బలియైన పాత్రతో ఆమె నట జీవితం ఆరంభమైంది.

కుమార్తెను సినిమాలకు పంపడానికి తండ్రిగారు తొలుత ఇష్టపడలేదనీ, నాయకుడు తాకే సన్నివేశాలు ఉండరాదన్న నిబంధనతో మాత్రమే అంగీకరించారనీ ఆమెను గురించి వ్రాసినవారు చెబుతారు. ఈ షరతును నేటి పాఠకులు చాదస్తంగా భావించవచ్చు. కాని దానిలో మరొక అంశం ఇమిడి ఉన్నది. ఏ పని చేయాలో, ఎంతవరకు చేయాలో ముందుగా మాట్లాడుకుని పనిలో దిగవచ్చునని ఆ బాలిక తొలి అడుగులోనే తెలుసుకొన్నది. తండ్రి విధించిన నిబంధనలు పోయి తన నిబంధనలు వచ్చినా, ఆ పద్ధతి మాత్రం కడవరకు మారలేదు.

వివాహము - స్వర్గసీమ

‘మాలతీ మాధవం’ (1940), ‘ధర్మపత్ని’ (1941) వంటి చిత్రాల తరువాత ‘కృష్ణప్రేమ’ (1943) ఆమె జీవితాన్ని మలుపు త్రిప్పింది. ఆ చిత్రానికి సహాయ దర్శకులుగా పనిచేస్తున్న పి.ఎస్.రామకృష్ణారావు గారిపై ఆమెకు అనురాగం కలిగింది. ఆయన పేరుగాని, పెద్ద సంపాదనగాని లేని యువకుడు. పెద్దల అభ్యంతరాలను కాదని 1943 ఆగస్టు 8న ఆమె ఆయనను వివాహమాడారు.

వివాహానంతరం సినిమాలు మాని గృహిణిగా స్థిరపడాలన్నది ఆమె సంకల్పం. ఆ సంకల్పాన్ని మార్చినవారు బి.ఎన్.రెడ్డి గారు. ‘స్వర్గసీమ’ (1945) చిత్రంలో నాగయ్య గారి సరసన ముఖ్య పాత్రకు ఆయన భానుమతి గారినే ఎంచుకొన్నారు; రామకృష్ణారావు గారు అందుకు అంగీకరించారు. వీథులలో ఆడిపాడే పిల్ల నాగరిక రంగస్థల నటి సుజాతగా మారి, ఒక సంసారి మనస్సును, ఇంటిని అల్లకల్లోలం చేసే పాత్ర అది. అంతవరకు ముగ్ధ పాత్రలలో చూసిన భానుమతిని ప్రేక్షకులు అందులో గుర్తించలేకపోయారంటే అతిశయోక్తి కాదు. క్రీగంటి చూపులోను, విరుపు మాటలోను, పాటలోని ఒయ్యారంలోను కొత్తదనం తొణికిసలాడింది. ఆ చిత్రంలో ఆమె పాడిన పావురం పాట నాటి యువతరం నాలుకలపై నర్తించింది.

ఒక విశేషం గమనించదగినది. వివాహం వలన పనికి దూరం కావలసిన స్త్రీ, భర్త ప్రోత్సాహంతో మరింత పెద్ద కళాకారిణి అయ్యారు. పేరులో భర్త పేరును చేర్చుకుని ‘భానుమతీ రామకృష్ణ’గా ప్రసిద్ధి చెందిన ఆమె, వ్యక్తిత్వంలో మాత్రం ఎవరికీ నీడగా ఉండలేదు.

మల్లీశ్వరి

భానుమతి గారి పేరు చెప్పగానే తెలుగువారికి మొదట స్ఫురించేది ‘మల్లీశ్వరి’. 1951 డిసెంబరులో వాహినీ వారు విడుదల చేసిన ఈ చిత్రానికి బి.ఎన్.రెడ్డి గారు దర్శకులు, ఎన్.టి.రామారావు గారు నాయకులు. భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కలం, సాలూరి రాజేశ్వరరావు గారి స్వరకల్పన, ఘంటసాల, భానుమతి గార్ల గళాలు ఒకచోట కలసిన అపురూప సందర్భమది.

కథ శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిది. చేనేత కుటుంబపు పిల్ల మల్లి, శిల్పియైన ఆమె బావ నాగరాజు ఒకరిపై ఒకరు ప్రాణం పెట్టుకొన్నవారు. వానపడుతున్న ఒక రాత్రి మారువేషంలో ఉన్న రాయలవారు మల్లి ఆటపాటలను చూసి ముగ్ధులౌతారు. ఆయన ఎవరో తెలియని నాగరాజు, మల్లికి పల్లకి పంపించమని రాయలవారికి చెప్పండని పరిహాసమాడుతాడు. ఆ పరిహాసమే నిజమై పల్లకి ఇంటి ముందుకు వస్తుంది. మల్లి రాణివాసపు చెరలో చిక్కుకుంటుంది.

ఈ పాత్రలో భానుమతి గారు చూపిన నిగ్రహం గమనింపదగినది. ‘స్వర్గసీమ’లో పొంగి పొరలిన చిలిపితనం, ఇందులో మొదటి భాగంలో పల్లెపిల్ల అల్లరిగా, తరువాతి భాగంలో రాణివాసపు మౌన దుఃఖంగా పరిణమించింది. తన పాటను తానే పాడుకోవడం వలన మాటకూ పాటకూ నడుమ అతుకు కనిపించదు. సంభాషణలోని నిట్టూర్పే రాగమై సాగినట్లుంటుంది. ఈ చిత్రం చైనా భాషా ఉపశీర్షికలతో 1953లో ఆ దేశంలో కూడా ప్రదర్శితమైంది.

భరణి: కాళ్ళ క్రింద నేల

కేవలం నటిగానే కొనసాగినట్లయితే ఆమె కథ మరికొందరు గొప్ప నటీమణుల కథ వలెనే ఉండేది. భర్తతో కలసి తమ కుమారుని పేరిట ‘భరణీ పిక్చర్స్’ సంస్థను స్థాపించడం ఆమె జీవితంలోని అతి ముఖ్యమైన నిర్ణయం. ‘రత్నమాల’ ఆ సంస్థ తొలి చిత్రం. అక్కినేని నాగేశ్వరరావు గారితో కలసి నటించిన ‘లైలా మజ్ను’ (1949) సంస్థకు ఘన విజయాన్ని తెచ్చింది. కాలక్రమంలో మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో వెలసింది. భర్త దర్శకత్వ బాధ్యతలు వహించగా, కథాచర్చల నుండి పాటల రికార్డింగు వరకు భానుమతి గారి ప్రమేయం లేని శాఖ ఉండేది కాదు.

1953లో విడుదలైన ‘చండీరాణి’ మరొక మెట్టు. తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలో ఏకకాలంలో నిర్మించిన ఆ చిత్రానికి ఆమే దర్శకురాలు. రామారావు గారు నాయకులు కాగా ఆమె ద్విపాత్రాభినయం చేశారు. త్రిభాషా చిత్రమంటే ఒకే సన్నివేశాన్ని మూడు భాషల సంభాషణలతో తీర్చిదిద్దవలసి ఉంటుంది. రెండు పాత్రలు, మూడు భాషలు, వీటిపై దర్శకత్వ భారం! అప్పటికి ఆమె వయస్సు ముప్పై నిండలేదు. దక్షిణాదిన అంతకుముందు 1936లో టి.పి.రాజలక్ష్మి గారు తమిళంలో ‘మిస్ కమల’కు దర్శకత్వం వహించారు. తెలుగులో మాత్రం తొలి మహిళా దర్శకురాలు భానుమతి గారే.

‘చక్రపాణి’ (1954) హాస్య చిత్రానికి సంగీత దర్శకత్వం కూడా ఆమే నిర్వహించారు. అదే సంవత్సరం వచ్చిన ‘విప్రనారాయణ’లో భక్తుని ప్రతిజ్ఞను సవాలు చేసి, చివరకు తానే పశ్చాత్తాపంతో కరిగిపోయే దేవదేవిగా నటించారు. 1956లో ‘చింతామణి’ వచ్చింది. బాల్యంలో తనకు తొలి పాత్రనిచ్చిన ‘వరవిక్రయం’ నాటక కర్త కాళ్ళకూరి వారే ‘చింతామణి’ నాటకానికీ కర్తలు. ఆనాడు బెరుకుబెరుకుగా కలకత్తాలో అడుగిడిన బాలిక, ఈనాడు సొంత సంస్థలో ఆ కవి సృష్టించిన మరొక పాత్రను ధరించగలిగే స్థాయికి ఎదిగింది. శరత్‌బాబు రచన ఆధారంగా తీసిన ‘బాటసారి’ (1961) విషాద గంభీరమైన మరొక కృషి.

పట్టుదల - దాని మూల్యం

భానుమతి గారి ఆత్మాభిమానాన్ని గురించి పరిశ్రమలో కథలు కథలుగా చెప్పుకునేవారు. వాటిలో ‘మిస్సమ్మ’ ఉదంతం ప్రసిద్ధం. విజయా వారి ఆ చిత్రానికి తొలుత నాయిక భానుమతి గారే. కొంత భాగం చిత్రీకరణ కూడా జరిగింది. ఒకనాడు ఇంట్లో వరలక్ష్మీ వ్రతం కారణంగా ఆమె ఆలస్యంగా రావడం, నిర్మాత చక్రపాణి గారు క్షమాపణను కోరడం, ఆమె నిరాకరించడం జరిగాయని ఎక్కువ ప్రచారంలో ఉన్న కథనం. తీసిన భాగాన్ని నిర్మాతలు వదులుకొన్నారు. రెండవ నాయికగా ఉన్న సావిత్రి గారు నాయిక అయ్యారు. 1955 జనవరిలో విడుదలైన ‘మిస్సమ్మ’ సావిత్రి గారి జీవితాన్నే మార్చివేసింది.

ఒక అద్భుతమైన పాత్ర చేజారిపోయిందన్నది కాదనలేని సత్యం. తెలుగు హాస్య చిత్రాలలో తలమానికమైన కథలో ఆమె స్థానం శాశ్వతంగా మరొకరిదైంది. అయినా ఆ ఉదంతాన్ని ఆమె కక్షగా మార్చుకోలేదు. దాని వలన సావిత్రి వంటి గొప్ప నటి వెలుగులోకి వచ్చిందని తరువాతి కాలంలో సంతోషం వెలిబుచ్చారు.

తమిళంలోనూ ఇటువంటిదే జరిగింది. ఎం.జి.రామచంద్రన్ గారు తొలిసారిగా దర్శకత్వం వహించిన ‘నాడోడి మన్నన్’ (1958) నిర్మాణంలో భేదాభిప్రాయాలు రాగా ఆమె మధ్యలో తప్పుకొన్నారు. నాయిక పాత్ర సగంలోనే మరణించినట్లు కథను మార్చవలసి వచ్చింది. ఇంతటితో ఇద్దరి మధ్య సంబంధం తెగిపోతుందని ఎవరైనా భావిస్తారు. కాని 1963లో ‘కలై అరసి’, ‘కాంచిత్తలైవన్’ చిత్రాలలో వారు మళ్ళీ కలసి నటించారు. ఎం.జి.ఆర్. ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే, 1985లో, ఆమె తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా నియమితులయ్యారు. పనిలో వచ్చిన భేదం పనితోనే ముగియాలన్న సంస్కారం ఇరువురిలోనూ ఉన్నదని దీనివలన తెలుస్తుంది.

ఈ పట్టుదలను కొందరు ‘పొగరు’ అన్నారు. అదే గుణం పురుషునిలో ఉంటే ‘క్రమశిక్షణ’ అని, ‘ఖచ్చితమైన మనిషి’ అని మెచ్చుకోవడం లోకరీతి. అయితే ఇక్కడ మనం మరువరాని విషయం ఒకటున్నది. ‘మిస్సమ్మ’ను వదులుకొన్ననాటికి ఆమెకు సొంత సంస్థ ఉన్నది, గళంలో సంగీతం ఉన్నది, ఇంట భర్త అండ ఉన్నది. ఒక వేషం పోయినంత మాత్రాన ఆమె వీథిన పడే స్థితి లేదు. ఆత్మగౌరవం గొప్ప గుణమే. కాని దానిని నిలుపుకోవడానికి కాళ్ళ క్రింద నేల కావాలి. ఆ నేలను ఎవరో ఇస్తారని ఆమె ఎదురుచూడలేదు. ఒక్కొక్క విద్య, ఒక్కొక్క బాధ్యత చేర్చుకుంటూ తానే సమకూర్చుకొన్నారు. ఆ అవకాశం లేని ఎందరో నటీమణులు అవమానాలను మౌనంగా దిగమింగవలసి వచ్చిందన్న సంగతిని కూడా ఈ సందర్భంలో తలచుకోవడం న్యాయం.

భాషల సరిహద్దులు దాటి

భానుమతి గారిని తమిళులు తమ నటిగానే ఆదరించారు. జెమినీ వారి ‘అపూర్వ సహోదరర్‌గళ్’ (1949), దాని హిందీ రూపమైన ‘నిషాన్’ రెండింటిలోను ఆమే నాయిక. ఆపై ‘మలైక్కళ్ళన్’ (1954), ‘అలీబాబావుం నార్పదు తిరుడర్‌గళుం’ (1956), ‘మదురై వీరన్’ (1956) అఖండ విజయాలు సాధించాయి. పెంచిన మమకారానికీ కన్న మమకారానికీ నడుమ నలిగే తల్లిగా ఎ.వి.ఎం. వారి ‘అన్నై’ (1962)లో ఆమె చూపిన నటన నేటికీ ప్రశంసలందుకొంటున్నది. ద్రావిడోద్యమ నాయకులు, స్వయంగా రచయిత అయిన అణ్ణాదురై గారు ఆమెను ‘నడిప్పుక్కు ఇలక్కణం’, అనగా ‘నటనకు వ్యాకరణం’ అని కొనియాడారు. మాతృభాష తమిళం కాని నటికి ఇంతకన్న గొప్ప సత్కారం ఏముంటుంది?

తెలుగులో వయస్సుతోపాటు పాత్రలను మార్చుకోవడంలోను ఆమె దూరదృష్టి కనబరచారు. ‘తెనాలి రామకృష్ణ’ (1956)లో కుటిలనీతి గల కృష్ణసానిగా, ‘అంతస్తులు’ (1965)లో జమీందారీ కుటుంబం గుర్తింపుకు నోచుకోని సోదరిగా, ‘పల్నాటి యుద్ధం’ (1966)లో నాయకురాలు నాగమ్మగా భిన్న స్వభావాలను ప్రదర్శించారు. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో కన్నాంబ గారు పోషించి మెప్పించిన పాత్రను స్వీకరించి, పోలికకు లొంగకుండా తనదైన ముద్ర వేయడం సాహసమే.

నేపథ్యగానం స్థిరపడి, నటీమణులకు ఇతరులు పాడడం ఆనవాయితీ అయిన తరువాత కూడా ఆమె తన పాటలు తానే పాడుకొన్నారు. శాస్త్రీయ కీర్తనకు, జానపదపు విరుపుకు, పాశ్చాత్య బాణీకి ఒకే గళం ఒదిగిపోయేది. గుంపులో వినిపించినా ఇది భానుమతి గళమని గుర్తుపట్టగలిగే విలక్షణత ఆమెది.

అత్తగారి కథలు

పుస్తక ప్రియులైన మన పాఠకులకు ఆమె మరొక విధంగా ఆత్మీయురాలు. ‘అత్తగారి కథలు’ చదివి నవ్వని తెలుగు కుటుంబం అరుదు. తెలుగు తెరపైన అత్త అంటే గయ్యాళితనం, కోడలంటే కన్నీరు అన్నది చిరకాలపు అచ్చు. ఆ అచ్చును భానుమతి గారు సున్నితంగా ప్రక్కకు తోశారు. మడి, ఆచారం, పెత్తనం, వాటి వెనుక పసిపిల్లల వంటి అమాయకత్వం గల అత్తగారిని కోడలు మనకు పరిచయం చేస్తుంది. కోడలు నవ్విస్తుందే గాని అత్తగారిని కించపరచదు. షూటింగులు, లెక్కలు, స్టూడియో వ్యవహారాల మధ్య జీవించిన రచయిత్రి, వంటింటినీ పెరటినీ ఇంత దగ్గరగా పరిశీలించడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఈ రచనకు పురస్కారమిచ్చి గౌరవించింది.

ఆమె ఆత్మకథ ‘నాలో నేను’ 1993 సంవత్సరానికి సినిమాకు సంబంధించిన ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారాన్ని అందుకొన్నది. తన జీవిత కథను కూడా ఇతరులకు అప్పగించక తానే వ్రాసుకోవడం ఆమె స్వభావానికి తగినదే.

సంధ్యాకాంతి

1982లో కేవలం బాలబాలికలతోనే ‘భక్త ధ్రువ మార్కండేయ’ చిత్రాన్ని ఆమె రూపొందించారు. 1984లో వచ్చిన ‘మంగమ్మగారి మనవడు’ కొత్త తరాన్ని ఆమెకు అభిమానులుగా చేసింది. కోడి రామకృష్ణ గారి దర్శకత్వంలో బాలకృష్ణ గారి బామ్మగా ఆమె పలికిన ప్రతి మాటకు ప్రేక్షకులు చప్పట్లు చరిచారు. పాత్ర పేరే చిత్రం పేరైంది. అరవైకి చేరువవుతున్న నటి పాత్ర చుట్టూ ఒక వ్యాపార చిత్రం నడవడం, విజయం సాధించడం అరుదైన విషయం. 1986లో రామకృష్ణారావు గారి మరణం ఆమెకు తీరని లోటు. సంగీత కళాశాల బాధ్యతలు, రచన, అడపాదడపా నటనలతో ఆమె తన్ను తాను నిలద్రొక్కుకొన్నారు. 1998 నాటి ‘పెళ్ళి కానుక’ ఆమె చివరి చిత్రం.

భారత ప్రభుత్వం 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ బిరుదులతో ఆమెను సత్కరించింది. రాష్ట్ర ప్రభుత్వం నుండి రఘుపతి వెంకయ్య పురస్కారం, ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కారం లభించాయి. 2005 డిసెంబరు 24న చెన్నైలో ఆమె పరమపదించారు. భారతీయ సినిమా శతాబ్ది సందర్భంగా 2013లో తపాలా శాఖ విడుదల చేసిన బిళ్ళలలో ఆమె చిత్రం కూడా చోటు చేసుకొన్నది.

మనకు మిగిల్చినది

కార్యాలయంలోగాని, కర్మాగారంలోగాని పనిచేసే మన సోదరీమణులకు భానుమతి గారి జీవితం ఒక నటి విజయగాథను మించి ఉపయోగపడుతుంది. గౌరవం కోరుకొన్నంత మాత్రాన లభించదు. తన పనిలో ఎవరూ వంక పెట్టలేని నేర్పు, ఒక దారి మూసుకుపోతే మరొక దారి తెరుచుకునే విద్య దాని వెనుక ఉండాలి. అలాగే ఆమెను ఎదగనిచ్చిన తండ్రిని, ప్రోత్సహించిన భర్తను మన ఇళ్ళలోని పురుషులు గుర్తుంచుకోవాలి. కుమార్తెకు సంగీతం చెప్పిన తండ్రి, భార్య నాయికగా ఉన్న సెట్టులో భేషజం లేకుండా పనిచేసిన భర్త లేకపోతే ఈ కథ ఇంత దూరం నడిచేది కాదు.

వచ్చే సెలవు రోజున ‘మల్లీశ్వరి’ని పిల్లలతో కలసి మరొకసారి చూడండి. ఆ సాయంకాలం ‘అత్తగారి కథలు’ నుండి ఒక కథను ఇంట్లో పెద్దవారి చేత బిగ్గరగా చదివించండి. అత్తాకోడళ్ళు ఇద్దరూ వింటుంటే మరీ మంచిది.